ఇసుకలో మెటల్ డిటెక్టింగ్: తవ్వే పనిముట్లు తక్కువ ఖర్చులో ఎలా ఎంచుకోవాలి? వరంగల్ వాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

డిటెక్టర్ కొనే ముందు నెలల తరబడి వీడియోలు చూసి, పది మందిని అడిగి, ధరలు పోల్చే మనోళ్లు తవ్వే పనిముట్టు దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో ఉన్న పార పట్టుకుని బయల్దేరతారు. డిటెక్టర్ పని ఒక్కటే, ఇక్కడ లోహం ఉందని చెప్పడం. దాన్ని వచ్చే అల లోపు ఇసుకలోంచి బయటికి తీయాల్సింది చేతిలోని స్కూప్, అంటే ఇసుకను తోడి జల్లించే రంధ్రాల పనిముట్టు. మంచి స్కూప్ లేకపోతే ఎంత ఖరీదైన డిటెక్టర్ అయినా మోగుతూనే ఉంటుంది, వస్తువు మాత్రం నీళ్లతో పాటు జారిపోతుంది.

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు ఉండేవాళ్లకు ఇంకో లెక్క కూడా ఉంది. మనకు సముద్రం ఊరి చివర లేదు. బాపట్ల దగ్గరి సూర్యలంక అయినా, చీరాల వాడరేవు అయినా రైలులో 300 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. విశాఖకైతే రాత్రంతా ప్రయాణం. దగ్గర్లో ఉన్నది గోదావరి ఇసుక, వాగుల ఇసుక. అందుకే మనకు కావాల్సింది విడదీసి బ్యాగులో పెట్టుకోగలిగేది, ఉప్పునీటికీ నదినీటికీ తట్టుకునేది, ఇక్కడి వెల్డింగ్ షాపులోనే చేయించుకోగలిగేది. విదేశీ బ్రాండు స్కూప్‌లు వేలల్లో ఉంటాయి. ఆ డబ్బు పెట్టాల్సిన అవసరం చాలామందికి లేదని నా గట్టి అభిప్రాయం.

ముందు ఎక్కడ తవ్వకూడదో తెలుసుకోండి

పనిముట్టు ఎంపికకు చట్టంతో సంబంధం ఏమిటి అనిపించొచ్చు. మన ప్రాంతంలో చాలా ఉంది. గుప్త నిధుల వేట కేసులు తరచూ వినిపించే చోట, భుజాన గడ్డపార, చేతిలో డిటెక్టర్‌తో కనిపించిన మనిషిని ఊరివాళ్లు అనుమానించడం సహజం. రంధ్రాల స్కూప్, నడుముకు చిన్న సంచి ఉన్న మనిషికి తన పనేమిటో చెప్పుకోవడం తేలిక. గడ్డపార, గునపం ఇంట్లోనే వదిలేయండి. ఇసుకలో వాటితో పని కూడా లేదు.

వరంగల్ కోట, వేయి స్తంభాల గుడి, 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప వంటి రక్షిత కట్టడాల దగ్గర డిటెక్టర్ తీయనే తీయకండి. 1958 నాటి పురావస్తు చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. గోదావరి ఒడ్డున అన్ని ఇసుక తిన్నెలూ ఒకటి కావు. కోటిలింగాల శాతవాహనుల తొలినాటి నాణేలు బయటపడిన చోటు. అక్కడ ఒక్క గుంట తవ్వినా చరిత్ర చెరిగిపోతుంది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగి ఉన్న వస్తువు విలువ 10 రూపాయలు మించితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఈ మధ్య ఎవరో పోగొట్టుకున్న ఉంగరం దొరికితే అది ఆ మనిషిదే. ఆచూకీ తెలియకపోతే పోలీస్ స్టేషన్‌లో అప్పగించండి.

సముద్రం ఒడ్డున మరో జాగ్రత్త. ఆంధ్ర తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో అలలు తాకని పై ఇసుకలో తవ్వకండి. జనం తిరిగే తడి అంచుకే పరిమితం కండి. ఎక్కడికి వెళ్లినా స్థానిక పోలీసులను, గ్రామ పంచాయతీని ముందే అడగండి.

ఏ ఇసుక? ఎన్ని పనిముట్లు?

పొడి ఇసుక, తడి ఇసుక, మోకాలి లోతు నీళ్లు. ఈ మూడింటిలో మీరు ఎక్కువ సేపు ఉండేది ఎక్కడో ముందు తేల్చుకోండి.

పొడి ఇసుకకు చేతి స్కూప్ చాలు. ప్లాస్టిక్‌ది అయితే ఇంకా మంచిది. చౌక కావడం ఒక్కటే కారణం కాదు. ప్లాస్టిక్ లోహం కాదు కాబట్టి, ఇసుకతో నిండిన స్కూప్‌ను అలాగే కాయిల్ (డిటెక్టర్ కింది కొసన ఉండే, లోహాన్ని పసిగట్టే భాగం) ముందు ఆడించి వస్తువు అందులోకి వచ్చిందో లేదో వెంటనే తెలుసుకోవచ్చు. స్టీలు స్కూప్‌తో ఈ పని కుదరదు, స్కూపే మోగుతుంది. కూరగాయలు కడిగే ప్లాస్టిక్ బుట్టతో కూడా పని మొదలుపెట్టొచ్చు. ఒక్క షరతు, రంధ్రాలు గుండ్రంగా ఉండాలి, పొడవాటి చీలికలుగా ఉండకూడదు. ఎందుకో కింద చెప్తాను.

తడి ఇసుకకూ నీళ్లకూ పొడవాటి హ్యాండిల్ ఉన్న లోహపు స్కూప్ తప్పదు. తడి ఇసుకను వంగి చేత్తో తవ్వుతుంటే గంటలోపు నడుము పట్టేస్తుంది. నీళ్లలో అయితే అసలు చేయి అందదు. డబ్బు పెట్టాల్సింది దీని మీదే. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దీని గురించే.

అన్నింటికన్నా ముఖ్యం: రంధ్రాలు

రంధ్రం చిన్నదైతే ఇసుక జారదు, మీరు ఊపుతూనే ఉంటారు. పెద్దదైతే వస్తువు జారిపోతుంది. విదేశాల్లో తయారయ్యే చాలా స్కూప్‌ల రంధ్రాలు అర అంగుళం, అంటే 12-13 మిల్లీమీటర్లు ఉంటాయి. పెద్ద ఉంగరాలకు, నాణేలకు అది సరిపోతుంది. మన ఆడవాళ్ల నగలు, పిల్లల నగలు వేరు.

మన నాణేలు చూడండి. 2019 నుంచి వస్తున్న కొత్త సిరీస్‌లో రూపాయి బిళ్ల వ్యాసం 20 మి.మీ., రెండు రూపాయలది 23, అయిదు రూపాయలది 25, పది రూపాయలది 27. ఇవేవీ 12 మి.మీ. గుండ్రటి రంధ్రంలోంచి ఏ కోణంలోనూ పోవు. కానీ రూపాయి బిళ్ల మందం 2 మి.మీ. కూడా ఉండదు. అందుకే పొడవాటి చీలిక ఉన్న బుట్టలోంచి అంచు మీద నిలబడి జారిపోతుంది. ఉంగరమూ అంతే. గుండ్రటి రంధ్రాలే ఉండాలని పైన అన్నది ఇందుకే.

పిల్లల ఉంగరాలు, మెట్టెలు, తాడు తెగి పడిన పుస్తెలు 10 మి.మీ. రంధ్రంలో చాలావరకు ఆగుతాయి, 13లో కొన్ని పోతాయి. సన్న గొలుసు, చెవి కమ్మ, ముక్కుపుడక ఏ స్కూప్‌లోనూ నమ్మకంగా ఆగవు. గొలుసు ఒక కొస రంధ్రంలో దూరితే మిగతాది దాని వెంటే పోతుంది. అలాంటి వస్తువు కోసమే వెతుకుతుంటే, స్కూప్‌తో తీసిన ఇసుకను ఒడ్డున తట్టలో పోసి, మేస్త్రీలు ఇసుక జల్లించే సన్న జల్లెడలో పట్టండి. ఆలస్యం అవుతుంది, కానీ వేరే దారి లేదు.

సముద్రానికీ గోదావరికీ ఒకే స్కూప్ వాడాలనుకుంటే నా సలహా 10 మి.మీ. గుండ్రటి రంధ్రం, ఒక రంధ్రం నడిమి నుంచి పక్క రంధ్రం నడిమికి 14 లేదా 15 మి.మీ. దూరం. రంధ్రాలు వరస తప్పించి త్రికోణంగా ఉంటే 15 మి.మీ. దూరంలో రేకులో దాదాపు 40 శాతం ఖాళీ వస్తుంది, 14లో 46 శాతం. నీళ్లు, ఇసుక జారడానికి ఇది చాలు. 12 దాకా తగ్గిస్తే ఖాళీ 60 శాతం దాటుతుంది కానీ రంధ్రాల మధ్య రేకు 2 మి.మీ. మాత్రమే మిగులుతుంది. ఒక రాయి తగిలితే చిరుగుతుంది.

సైజు: ఇసుక బరువు లెక్క వేయండి

పెద్ద స్కూప్ అయితే ఒకే దెబ్బకు వస్తువు వచ్చేస్తుందని అందరికీ ఆశ. తడి ఇసుక లీటరుకు సుమారు 2 కేజీలు తూగుతుంది. 15 సెం.మీ. వ్యాసం, 20 సెం.మీ. పొడవు ఉన్న బకెట్‌లో, అంటే స్కూప్‌లో ఇసుక పట్టే భాగంలో, మూడున్నర లీటర్లు పడతాయి, అంటే 7 కేజీల ఇసుక. 18 సెం.మీ. వ్యాసం, 25 సెం.మీ. పొడవుకు పెంచితే 6 లీటర్లు దాటి బరువు 12 కేజీలకు పైగా అవుతుంది. చూడటానికి కాస్తే పెద్దది, ఎత్తడానికి దాదాపు రెట్టింపు. దాన్ని ఉదయమంతా ఎత్తగలరా?

నీళ్లలో మునిగి ఉన్నంతసేపు ఇసుక సగం బరువే అనిపిస్తుంది. అందుకే నడుం లోతులో తిరిగేవాళ్లు పెద్ద స్కూప్ వాడగలరు. ఒడ్డున తడి ఇసుకలో తిరిగే కొత్తవాళ్లకు 15 సెం.మీ. వ్యాసం, 20 నుంచి 22 సెం.మీ. పొడవు చాలు. ఉంగరం అంత వస్తువును మామూలు డిటెక్టర్లు పట్టేది సాధారణంగా 20-25 సెం.మీ. లోతులోనే కాబట్టి, ఒకటి రెండు తోడులకు అందుతుంది.

ఏ లోహం, ఎంత మందం

నదికే పరిమితమైతే మామూలు ఇనుప రేకు, 2 మి.మీ. మందం, పైన పెయింటు చాలు. తుప్పు వస్తుంది, కానీ మెల్లగా. ఖర్చు కూడా అన్నింటికంటే తక్కువ.

సముద్రానికైతే 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి. దుకాణాల్లో 202 గ్రేడు చవకగా దొరుకుతుంది, చూపుకు రెండూ ఒకటే. చాలామంది అయస్కాంతం పెట్టి చూస్తారు. దాంతో తేడా తేలదు, ఎందుకంటే 202 కూడా అయస్కాంతానికి అంతగా అంటుకోదు. పైగా అసలైన 304 రేకు కూడా వంచిన చోట కాస్త అంటుకోవచ్చు. నమ్మకమైన దుకాణంలో కొని, బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. 202 కొన్నా కొంపలు మునగవు. ప్రతిసారీ మంచినీళ్లతో కడిగితే చాలాకాలం వస్తుంది, ఉప్పునీటిలో మచ్చలు మాత్రం త్వరగా పడతాయి. 316 గ్రేడు ఉప్పుకు ఇంకా బాగా తట్టుకుంటుంది కానీ ఏడాదికి రెండుసార్లు సముద్రానికి వెళ్లేవాళ్లకు అంత ఖర్చు అనవసరం.

మందం 16 గేజ్, అంటే సుమారు 1.6 మి.మీ. ఉండాలి. ఇంట్లోని పాత స్టీలు గిన్నెకు రంధ్రాలు కొట్టిస్తే పొడి ఇసుకకు పనికొస్తుంది. ఆ రేకు పలుచన కాబట్టి తడి ఇసుకలో కాలితో తొక్కితే ముడుచుకుపోతుంది. జీఐ రేకును, అంటే జింకు పూత ఉన్న ఇనుప రేకును, వెల్డింగ్ చేయించకండి. వేడికి జింకు పొగ లేచి వెల్డర్‌కు జ్వరం తెప్పిస్తుంది, అతికిన చోట పూత కాలిపోయి ముందు అక్కడే తుప్పు పడుతుంది.

వెల్డింగ్ షాపులో ఏం చెప్పాలి

రంధ్రాల రేకు కోసం ముందు రైసు మిల్లు స్పేర్ పార్టులు అమ్మే దుకాణాలకు వెళ్లండి. మన కరీంనగర్, పెద్దపల్లి, వరంగల్ వైపు మిల్లులకు కొదవ లేదు, ధాన్యం జల్లెడలకు వాడే గుండ్రటి రంధ్రాల జాలీ రేకు ఆ దుకాణాల్లో ఉంటుంది. వడ్లకు వాడేవి సన్న రంధ్రాలు. చెత్త, గడ్డి వేరుచేసే పై జల్లెడకు వాడే పెద్ద రంధ్రాల రేకు అడగండి. కొలత కోసం 10 మి.మీ. డ్రిల్ బిట్ వెంట తీసుకెళ్లి రంధ్రంలో దూర్చి చూడండి. దొరక్కపోతే మామూలు రేకు తీసుకుని లేజర్ కటింగ్ చేసే చోట రంధ్రాలు కొట్టించొచ్చు. చేత్తో ఒక్కొక్కటి డ్రిల్ చేయడం స్టెయిన్‌లెస్‌తో చాలా కష్టం, బిట్లు కాలిపోతాయి.

ధర బేరమాడే ముందు బరువు లెక్క తెలిసి ఉండాలి. 15 సెం.మీ. వ్యాసం, 22 సెం.మీ. పొడవు బకెట్‌కు అడుగుతో కలిపి సుమారు 1,200 చదరపు సెంటీమీటర్ల రేకు పడుతుంది. 1.6 మి.మీ. మందంలో అది కేజీన్నర. రంధ్రాలు పోగా కేజీకి అటూ ఇటూ మిగులుతుంది. ఆ రోజు స్టీలు కేజీ ధర అడిగి దీంతో గుణించండి, ఆపైన వెల్డింగ్ కూలీ, హ్యాండిల్ పైపు. ఎవరైనా మూడు కేజీల మెటీరియల్ పడుతుందని చెబితే లెక్క అడగండి.

వెల్డర్ అన్నకు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. 304 రేకుకు 308ఎల్ రాడ్ వాడాలి. మామూలు ఇనుము రాడ్‌తో అతికితే రేకు మెరుస్తూనే ఉంటుంది, అతుకు మాత్రం తుప్పు పడుతుంది. ముందు అంచుకు 3 మి.మీ. మందం పట్టీ వేయించి, మధ్యలో కాస్త ముందుకు పొడుచుకొచ్చేలా కోయించండి. అంచు పదునుగా ఉండక్కర్లేదు. పదునైన అంచు బంగారు ఉంగరాన్ని గీస్తుంది, మీ కాలినీ వదలదు. బకెట్ వెనక భాగాన కాలు ఆన్చడానికి నాలుగు వేళ్ల వెడల్పు పలక కావాలి. హ్యాండిల్ బకెట్‌కు అతికే చోటే అన్నింటికంటే ముందు పగులుతుంది. కాబట్టి హ్యాండిల్ నుంచి బకెట్ పై అంచుకు ఒక అడ్డ సలాక వేయించడం మర్చిపోకండి.

హ్యాండిల్ కోణం కాగితం మీద తేలేది కాదు. మొదట రెండు టాకాలు (తాత్కాలికంగా నిలిపే చిన్న అతుకులు) మాత్రమే వేయించండి. షాపు పక్కన ఎక్కడో ఒక చోట ఇసుక కుప్ప ఉంటుంది, అందులో కాలితో తొక్కి, వెనక్కి వంచి, ఎత్తి చూడండి. నడుము వంగకుండా ఇసుక పైకి వస్తే అప్పుడు పూర్తి వెల్డింగ్ చేయమనండి.

హ్యాండిల్, రైలు ప్రయాణం

బకెట్ నేల మీద పెట్టినప్పుడు హ్యాండిల్ పై కొస మీ ఛాతీ దాకా రావాలి. ఒకే ముక్కగా ఉంటే అది బెర్త్ కింద పట్టదు, బస్సులో అందరికీ తగులుతుంది. రెండు ముక్కలు చేయించి, ఒక పైపులో ఇంకోటి దూరేలా పెట్టి, రెండు స్టెయిన్‌లెస్ బోల్టులు, చేత్తో తిప్పే రెక్కల నట్లు వేయించండి. ఒక్క బోల్టుతో సరిపెడితే హ్యాండిల్ కదులుతుంది, రంధ్రం సాగిపోతుంది.

బరువు తగ్గాలని అల్యూమినియం పైపు పెట్టుకుంటే స్టీలు బోల్టు, అల్యూమినియం కలిసే చోట ఉప్పునీరు అల్యూమినియాన్ని తినేస్తుంది. మధ్యలో రబ్బరు లేదా నైలాన్ వాషర్ వేయండి. పార కర్ర వాడినా తప్పు లేదు. చవక, చేతికి చల్లగా ఉంటుంది, విరిగితే ఊళ్లోనే ఇంకోటి దొరుకుతుంది. బకెట్‌ను గోనె సంచిలో చుట్టి పెట్టండి. రైల్వే పోలీసులు అడిగితే తీసి చూపించి, ఇసుక జల్లించే స్కూప్ అని చెప్పండి.

ఊళ్లోనే సాధన చేయండి

కొత్త స్కూప్‌తో నేరుగా సూర్యలంక వెళ్లకండి. అనుమతి ఉన్న దగ్గరి వాగు ఇసుకలో మీ సొంత నాణేలు, ఒక ఇత్తడి ఉంగరం వేర్వేరు లోతుల్లో పూడ్చి సాధన చేయండి. గోదావరిలోకి దిగే ముందు ఎగువ బ్యారేజీ గేట్లు ఎత్తుతున్నారేమో కనుక్కోండి. ఇసుక తవ్వి వదిలేసిన గుంతలు నీళ్ల కింద కనపడవు. ఒంటరిగా నీళ్లలోకి పోకండి.

సిగ్నల్ వచ్చిన చోట కాయిల్‌ను అడ్డంగా, నిలువుగా ఊపి, రెండు గీతలు కలిసే బిందువును గుర్తు పెట్టుకోండి. స్కూప్ అంచును ఆ బిందువు మీద కాకుండా 10-15 సెం.మీ. వెనక ఆన్చి, పలక మీద కాలు వేసి తొక్కండి. అలా చేస్తే అంచు వస్తువుకు తగలకుండా దాని కిందికి పోతుంది. తోడిన వెంటనే ఇసుక ఊపడం మొదలుపెట్టకుండా ముందు గుంతను కాయిల్‌తో చూడండి. గుంత మోగితే ఇంకోసారి తోడాలి, మోగకపోతే వస్తువు స్కూప్‌లో ఉన్నట్టే. స్కూప్‌ను రెండు అడుగుల దూరంలో పెట్టి చూడండి, లేకపోతే కాయిల్ దానికే మోగుతుంది. మీ చేతి గాజులు, కడియం, స్టీలు ముక్కు ఉన్న బూట్లు కూడా మోగుతాయి. పని అయ్యాక గుంత పూడ్చి కాలితో చదును చేయండి. రేపు అక్కడ పిల్లలు పరిగెత్తుతారు.

సముద్రపు తడి ఇసుకలో ఉప్పు వల్ల ఒకే ఫ్రీక్వెన్సీ మీద పనిచేసే చవక (సింగిల్ ఫ్రీక్వెన్సీ) డిటెక్టర్లు ఊరికే మోగుతాయి. అది స్కూప్ లోపం కాదు. సున్నితత్వం తగ్గించండి. భీమునిపట్నం వైపు తీరంలో ఇల్మనైట్ అనే ఇనుము, టైటానియం ఖనిజం ఉన్న నల్ల ఇసుక కూడా డిటెక్టర్‌ను ఇబ్బంది పెడుతుంది.

మిగతా సామాన్లు

పిన్‌పాయింటర్, అంటే వస్తువు సరిగ్గా ఎక్కడుందో దగ్గర నుంచి చూపే చేతి డిటెక్టర్, మంచి వస్తువే కానీ మొదటి నెలల్లో తప్పనిసరి కాదు. ఇసుకలో స్కూప్ ఆ పని చాలావరకు చేస్తుంది. అయస్కాంతం కొని స్కూప్ లోపల అతికించమని కొందరు చెబుతారు. నేను వద్దంటాను. నల్ల ఇసుక దానికి గుబురుగా అంటుకుని రంధ్రాలు మూసుకుపోతాయి. మేకులు, సీసా మూతలు వేరుచేయడానికి సంచిలో చిన్న అయస్కాంతం ఉంటే చాలు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి, మన రూపాయి, రెండు రూపాయల బిళ్లలు ఎక్కువగా ఇనుము, క్రోమియం కలిసిన స్టీలువి కాబట్టి అవి కూడా అయస్కాంతానికి అంటుకుంటాయి. అంటుకున్నదల్లా చెత్త అని విసిరేయకండి. చాలా డిటెక్టర్లలో ఇనుము శబ్దం ఆపేస్తే ఈ నాణేలు కూడా వినిపించకుండా పోవచ్చు.

రెండు అరల సంచి ఒకటి కొనండి, ఒక అర చెత్తకు, ఇంకోటి మంచివాటికి. దొరికిన మేకునో పగిలిన రేకునో మళ్లీ ఇసుకలో పడేయకండి. గట్టి గ్లౌజులు తప్పకుండా వేసుకోండి. ఘాట్ల దగ్గర ఇసుకలో గాజు పెంకులు ఎక్కువ.

సముద్రం నుంచి వచ్చిన రోజే బోల్టులు విప్పి, బకెట్, పైపు లోపల, నట్లు అన్నీ మంచినీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టండి. రైలు దిగి అలసిపోయి ఒక రాత్రి అలాగే వదిలేసినా నట్లు పట్టేస్తాయి. ఆరిన తర్వాత మరలకు కొబ్బరినూనె కాకుండా కొంచెం గ్రీజు రాయండి. వెల్డింగ్ అతుకుల చుట్టూ సన్న పగులు కనిపిస్తుందేమో వేలితో తడిమి చూడండి. కనిపిస్తే తర్వాతి ప్రయాణం దాకా ఆగకుండా ఆ వారమే అతికించండి.